సమాచార భంగము: వినియోగదారుని చట్టబద్ధ హక్కులు

ఒక వ్యక్తి తన పేరు, చిరునామా, ఫోను నంబరు, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వివరములు, వైద్య పరీక్షల ఫలితములు మున్నగువానిని ఏదో ఒక ప్రయోజనము నిమిత్తము ఒక సంస్థకు నమ్మి అప్పగింపగా, ఆ సంస్థ కంప్యూటర్లలో నిక్షిప్తములై యున్న ఆ వివరములు అధికారము లేనివారి చేత చిక్కుట గాని, బహిర్గతములగుట గాని, తారుమారగుట గాని, అవసరమైనప్పుడు అందకుండ పోవుట గాని సంభవించినచో దానిని సమాచార భంగమందురు. వాడుకలో డేటా లీక్ అనియు, డేటా చోరీ అనియు చెప్పుకొనునది ఇదియే. అట్టి భంగము జరిగిన పిమ్మట ఆ వ్యక్తికి సంస్థ పైనను, బ్యాంకు పైనను, ప్రభుత్వము పైనను ఏయే హక్కులు సంక్రమించునో, వానిని ఏయే అధికారుల యెదుట సాధించుకొనవచ్చునో భారతదేశ చట్టములను ప్రధానముగ గైకొని ఈ వ్యాసమున నిరూపింపబడుచున్నది.

ఈ నష్టమునకు తక్కిన నష్టములకు లేని యొక లక్షణము కలదు. దొంగిలింపబడిన సొమ్ము యజమాని యొద్ద లేకుండ పోవును. దొంగిలింపబడిన సమాచారము యజమాని యొద్ద ఎప్పటివలెనే యుండును. కావున అది పరుల పాలైన సంగతి ఎవ్వరైనను చెప్పిననే గాని అతనికి తెలియదు. పాస్‌వర్డును మార్చుకొనవచ్చును గాని పుట్టిన తేదీని, వ్రేలి ముద్రలను, పూర్వము చేయించుకొనిన శస్త్రచికిత్స వృత్తాంతమును మార్చుకొనుట యెవ్వరికిని సాధ్యము కాదు. అపహరించినవాడు దానిని తానుపయోగింపక వేరొకనికి అమ్మును. అతడు మరియొకనికి అమ్మును. మూడేండ్లకో నాలుగేండ్లకో ఆ వ్యక్తి పేర తెలియని అప్పు పుట్టినప్పుడు అందులకు మూలమైన భంగము ఏ సంస్థలో ఏనాడు జరిగినదో నిరూపించుట దుస్సాధ్యమగును. ఈ చట్టములలోని చిక్కులన్నియు ఈ లక్షణము నుండియే పుట్టినవి.

2023లో సైబరాబాదు పోలీసులు పట్టుకొనిన ఒక ముఠా కేసు ఈ వ్యాపారము ఎంత దూరము ప్రాకినదో లోకమునకు చూపినది. 24 రాష్ట్రములకును 8 మహానగరములకును చెందిన సుమారు 66.9 కోట్ల వ్యక్తుల, సంస్థల వివరములు ఆ ముఠా యొద్ద అమ్మకమునకు సిద్ధముగ నుండెనని పోలీసులు ప్రకటించిరి. ఆ పట్టికలలో తమ పేరున్నదో లేదో, ఉన్నచో ఏ సంస్థ నుండి పోయినదో ఆ కోట్లాది ప్రజలకు తెలియజెప్పవలసిన బాధ్యత ఏ సంస్థ పైనను నాటికి చట్టముచే మోపబడి యుండలేదు.

నిక్షేప న్యాయము

అప్పగింత సొమ్మును గూర్చిన న్యాయము మన దేశమున మిక్కిలి ప్రాచీనము. మనుస్మృతి పరిగణించిన అష్టాదశ వ్యవహార పదములలో ఋణాదానమునకు పిమ్మట నిక్షేపము రెండవది. రాజు చేత గాని, దైవము చేత గాని, దొంగల చేత గాని హరింపబడిన నిక్షేపమును దాచినవాడు తిరిగి ఈయ నక్కరలేదనియు, అయితే యజమాని అడిగినప్పుడు ఈయక జాగు చేసి పిమ్మట పోగొట్టినచో దాని మూల్యమును యజమానికిని, అంతే మొత్తమును దండముగ రాజునకును చెల్లింపవలెననియు యాజ్ఞవల్క్య స్మృతి విధించినది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్య 13వ శతాబ్దిలో కేతన రచించిన విజ్ఞానేశ్వరీయముతో తెలుగు పద్యములలోనికి వచ్చినది.

ఈ స్మృతి వాక్యమున రెండంశములు గమనింపదగినవి. దొంగలు ఎత్తుకొని పోయిరన్న సమాధానము నాటి కాపరికి చాలును. నేటి చట్టము అట్టి సమాధానమును అంగీకరింపదు. దొంగలు వత్తురని తెలిసి తగిన కావలి పెట్టుకొనుటయే సమాచారమును సేకరించిన సంస్థకు గల ప్రథమ కర్తవ్యమని అది భావించును. ఈ విషయమున ఆధునికులు స్మృతికారుని కంటె ముందంజ వేసిరి. కాని పోగొట్టుకొనినవానికి మూల్యము, రాజునకు దండము అను ద్వివిధ బాధ్యతను స్మృతి విధింపగా, భారతదేశమున నూతనముగ వచ్చిన చట్టము దండమును మాత్రము నిలిపి మూల్యమును విడిచిపెట్టినది. ఈ లోపము చిన్నది కాదు. దీనిని గూర్చి ముందు వివరింపబడును.

హక్కునకు మూలము

భారత రాజ్యాంగమున గోప్యతా హక్కు ఆ పేరుతో ఎచ్చటను వ్రాయబడి యుండలేదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక వ్యక్తి యింటికి అర్ధరాత్రమున వచ్చి తలుపు తట్టి నిఘా సాగించుటను గూర్చిన ఖరక్ సింగ్ కేసులో 1962 డిసెంబరున సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఆ రాత్రి సందర్శనములను కొట్టివేసినను, గోప్యత ప్రాథమిక హక్కు కాదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు పలికిరి. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర రాష్ట్ర ఉన్నత న్యాయస్థానమునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, అనంతరము భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నలంకరించిన కోకా సుబ్బారావు గారు ఆ ధర్మాసనమున భిన్నాభిప్రాయమును వ్రాసి, గోప్యత వ్యక్తి స్వాతంత్ర్యములో విడదీయరాని భాగమని స్థాపించిరి. ఒక న్యాయమూర్తి యల్పపక్షమున నిలిచి వ్రాసిన మాట అర్ధశతాబ్దము గడచిన పిమ్మట దేశమునకంతకు శాసనమగుట న్యాయచరిత్రలో అరుదైన విషయము.

కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగ పని చేసి విశ్రాంతులైన కె.ఎస్. పుట్టస్వామి గారు ఆధార్ పథకమును ప్రశ్నించుచు 2012లో వేసిన వ్యాజ్యమున ఈ ప్రశ్న మరల తలయెత్తినది. 2015 ఆగస్టు 11న దీనిని పెద్ద ధర్మాసనమునకు నివేదించిన ముగ్గురు న్యాయమూర్తుల పీఠమునకు కృష్ణా జిల్లా వాస్తవ్యులైన జాస్తి చలమేశ్వర్ గారు అధ్యక్షులు. తుది తీర్పు చెప్పిన తొమ్మండుగురిలోను వారొకరు. 2017 ఆగస్టు 24న ఆ తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ గోప్యత 21వ అధికరణమున అంతర్భూతమైన ప్రాథమిక హక్కని తీర్మానించిరి. తన్నుగూర్చిన సమాచారముపై వ్యక్తికి గల అధికారము కూడ ఆ హక్కులో నొక భాగమని గుర్తించి, ప్రభుత్వము తగిన చట్టమును నిర్మింపవలెనని కోరిరి.

ఆ చట్టము వచ్చుట సులభము కాలేదు. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ సంఘము 2018 జూలైలో నివేదిక నిచ్చెను. 2019 డిసెంబరున లోక్‌సభలో ప్రవేశపెట్టబడిన బిల్లు 2022 ఆగస్టున ఉపసంహరింపబడెను. తుదకు 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదము పొంది డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టము వెలువడెను. దాని నియమములు 2025 నవంబరున ప్రకటింపబడినవి. ఆ ప్రకటన ననుసరించి, తప్పు చేసిన సంస్థలకు జరిమానా విధించు డేటా ప్రొటెక్షన్ బోర్డు స్థాపనకు సంబంధించిన భాగములు వెంటనే అమలులోనికి రాగా, వ్యక్తుల హక్కులును సంస్థల బాధ్యతలును 18 మాసములు గడచిన పిమ్మట, అనగా 2027 మే నెలలో అమలునకు వచ్చును. అందాక 2000 నాటి ఐటీ చట్టమే ఆధారము.

తెలియజేయబడు హక్కు

భంగము జరిగిన పిమ్మట వ్యక్తికి కలుగు హక్కులన్నింటిలో తెలియజేయబడు హక్కు మూలము. తక్కినవన్నియు దాని శాఖలు. తన కార్డు వివరములు పోయినవని తెలిసినవాడు కార్డును నిలుపుదల చేయించుకొనును. తెలియనివాడు ఖాతా ఖాళీయైన పిమ్మట మేల్కొనును. ఇట్టి నోటీసును చట్టముచే నిర్బంధించిన ప్రథమ రాష్ట్రము అమెరికాలోని కాలిఫోర్నియా. ఆ శాసనము 2003 జూలై 1న అమలులోనికి వచ్చెను. 2018 నాటికి ఆ దేశమున 50 రాష్ట్రములును ఆ మార్గమును అనుసరించెను. ఐరోపా సమాజమున 2018 మే 25 నుండి వర్తించుచున్న జీడీపీఆర్ శాసనము భంగమును గుర్తించిన 72 గంటలలో పర్యవేక్షక సంస్థకు తెలుపవలెననియు, వ్యక్తుల హక్కులకు తీవ్రమైన ముప్పు కలుగునట్లున్నచో వారికి గూడ తెలుపవలెననియు విధించినది.

మన దేశమున సైబర్ ప్రమాదములను పర్యవేక్షించు సెర్ట్-ఇన్ అను ప్రభుత్వ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశముల ప్రకారము, సంస్థలు తమకు భంగము తెలిసిన 6 గంటలలో దానికి నివేదింపవలెను. గడువు కఠినమే, కాని ఆ నివేదిక ప్రభుత్వమునకు చేరును గాని బాధితునికి చేరదు. 2021 మే నెలలో ఎయిర్ ఇండియా ప్రకటించిన భంగమును ఈ సందర్భమున స్మరింపవలెను. 2011 ఆగస్టు 26 మొదలు 2021 ఫిబ్రవరి 3 వరకు నమోదైన సుమారు 45 లక్షల ప్రయాణికుల పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు వివరములు మున్నగునవి ఆ విమాన సంస్థకు సేవ లందించు సీటా అను వేరొక సంస్థ కంప్యూటర్ల నుండి పోయెను. సీటా నుండి విమాన సంస్థకు తొలి సమాచారము అందినది ఫిబ్రవరి 25న. ప్రయాణికులకు బహిరంగముగ వివరము తెలిసినది మే నెలలో. ఆ నడిమి కాలమున ప్రయాణికుడు తన్ను తాను కాపాడుకొనుటకు ఏమియు చేయజాలకుండెను.

2023 నాటి చట్టమును దాని నియమములును ఈ కొరతను తీర్చుటకు పూనుకొనినవి. భంగము జరిగినట్లు తెలిసిన వెంటనే సంస్థ బాధితులైన ప్రతి వ్యక్తికిని, అతని ఖాతా ద్వారముననో అతడు నమోదు చేసిన ఫోను, ఈమెయిలు మున్నగు మార్గములననో, స్పష్టమైన సులభమైన మాటలలో తెలుపవలెను: భంగము ఎట్టిది, ఎంతవరకు వ్యాపించినది, ఎప్పుడు జరిగినది, దాని వలన ఆ వ్యక్తికి కలుగగల ఫలితము లేమి, సంస్థ తీసికొనుచున్న చర్య లెట్టివి, ఆ వ్యక్తి తన రక్షణకు చేయవలసిన దేమి, ప్రశ్నలకు సమాధానము చెప్పు ఉద్యోగి యెవ్వరు. బోర్డునకు కూడ ఆలస్యము లేక తెలిపి, 72 గంటలలో సవిస్తర నివేదిక నీయవలెను. ఐరోపా శాసనము తీవ్రమైన ముప్పున్నప్పుడే వ్యక్తికి తెలుపుమనగా, భారత చట్టము చిన్నది పెద్దది యను భేదము పాటింపక ప్రతి భంగమును తెలుపుమన్నది. ముప్పు తీవ్రమా కాదా యను నిర్ణయమును, దాచుటలో లాభము గల సంస్థకే వదలకుండుట సమంజసము. సమాచారమును వేరొక సంస్థ చేత నిర్వహింపజేసినను బాధ్యత మొదటి సంస్థదే యని ఆ చట్టము స్పష్టము చేయుటచే, ఎయిర్ ఇండియా వంటి సందర్భములలో తప్పు మాది కాదు మా గుత్తేదారుదను వాదమునకు చోటు లేదు.

సమ్మతిని కోరునప్పుడు ఇచ్చు నోటీసును ఆంగ్లమునందు గాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందైనను గాని చదువుకొను అవకాశము వ్యక్తికి కల్పింపవలెనని చట్టము నిర్బంధించినది. కావున తెలుగులో నోటీసును కోరుట తెలుగువానికి హక్కు. భంగమును తెలుపు నోటీసు విషయమున మాత్రము భాషను గూర్చి ఇంత స్పష్టమైన మాట లేదు. ఆపద చెప్పునప్పుడే వాని భాషలో చెప్పుట మరింత అవసరము గనుక, సులభమైన మాటలన్న నియమమునకు వాని భాష యనియే అర్థము చెప్పుట న్యాయము.

పరిహారము

ఐటీ చట్టమునకు 2008లో చేయబడి 2009 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చిన సవరణచే 43ఏ సెక్షను చేర్చబడెను. సున్నితమైన వ్యక్తిగత సమాచారమును తన కంప్యూటర్లలో నుంచుకొనిన వ్యాపార సంస్థ సముచితమైన భద్రతా పద్ధతులను పాటించుటలో అలసత్వము చూపి, తద్ద్వారా ఒకరికి అన్యాయముగ నష్టము కలిగించినచో, లేదా వేరొకరికి అన్యాయ లాభము చేకూర్చినచో, బాధితునికి పరిహారము చెల్లింపవలెనని దాని సారాంశము. 2011 ఏప్రిల్ నాటి నియమములు సున్నితమైన సమాచారమనగా పాస్‌వర్డులు, బ్యాంకు కార్డుల వివరములు, ఆరోగ్య స్థితి, వైద్య పత్రములు, లైంగిక ప్రవృత్తి, బయోమెట్రిక్ ముద్రలు మున్నగునవి యని నిర్వచించినవి. పేరు, ఫోను నంబరు, చిరునామా ఈ నిర్వచనమున చేరవు. సైబరాబాదు కేసులోని వంటి పట్టికలకు ఈ సెక్షను పూర్తిగ వర్తింపకుండుటకు ఇది యొక హేతువు.

5 కోట్ల రూపాయల వరకు గల ఇట్టి దావాలను విచారించుటకు ప్రతి రాష్ట్రమునందును ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారిగ నియమితుడై యున్నాడు. ఆంధ్రప్రదేశ్ వాస్తవ్యులకు అమరావతిలోను, తెలంగాణ వాస్తవ్యులకు హైదరాబాదులోను ఆ అధికారి యుండును. ఆరు మాసములలో తీర్పు చెప్పవలెనని నియమము. ఆ తీర్పుపై 45 దినములలో టీడీశాట్ అను అప్పీలు ట్రిబ్యునలునకును, అనంతరము ఉన్నత న్యాయస్థానమునకును పోవచ్చును. ఈ మార్గమును గూర్చి విన్నవారు స్వల్పసంఖ్యాకులు. సచివాలయమున ఒక కార్యదర్శి న్యాయాధికారి పీఠమున గూర్చుండి తమ కష్టము వినునని సామాన్యునికి ఎవ్వరు చెప్పిరి? హక్కును కల్పించి దాని ద్వారమును చూపకుండుట శాసనకర్తలకు తగదు.

ఇంతకంటె శోచనీయమైన విషయ మింకొకటి కలదు. 2023 చట్టపు 44వ సెక్షనులో ఐటీ చట్టమునకు సంబంధించిన భాగము అమలులోనికి వచ్చినంతనే ఈ 43ఏ సెక్షను రద్దగును. భద్రతా చర్యలు తీసికొనని సంస్థకు 250 కోట్ల వరకును, భంగమును తెలుపని సంస్థకు 200 కోట్ల వరకును జరిమానా విధించు అధికారము బోర్డునకు సంక్రమించును. మొత్తములు ఘనములే. కాని ఆ సొమ్ము యావత్తు భారత సంచిత నిధికి పోవును. ఎవ్వని వివరములు పోయినవో వానికి అందులో ఒక్క రూపాయియు రాదు. సివిలు న్యాయస్థానములు బోర్డు పరిధిలోని విషయములను విచారింపరాదని 39వ సెక్షను నిషేధించినది. పైపెచ్చు బూటకపు ఫిర్యాదు చేసినవానికి 10 వేల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. సంస్థకు భయము కలిగించుట వలన భావి భంగములు తగ్గునన్న ఆశతో బాధితుని పరిహారమును తొలగించుట న్యాయమునకు దూరము. దండమును మూల్యమును కలిసి యుండగలవని స్మృతికారునికి తోచిన సంగతి మనకు తోచకుండుట విచారకరము.

ఐరోపాలో ఈ విషయము వేరుగ నడచినది. జీడీపీఆర్ 82వ అధికరణము ధన నష్టమునకేగాక మనోవేదనకు కూడ పరిహారమును అంగీకరించినది. 2019లో బల్గేరియా దేశపు ఆదాయపు శాఖ కంప్యూటర్ల నుండి 60 లక్షలకు పైబడిన ప్రజల వివరములు పోయినప్పుడు, వాని నెవ్వరును దుర్వినియోగము చేసినట్లు ఋజువు లేకున్నను, చేయుదురేమో యను భయమే నష్టముగ పరిగణింపదగునా యను ప్రశ్న ఐరోపా న్యాయస్థానము నెదుటికి వచ్చెను. సహేతుకమైన భయము నష్టమే కాగలదని 2023 డిసెంబరు 14న ఆ న్యాయస్థానము నిర్ణయించెను. తన భద్రతా చర్యలు సముచితములైనవని నిరూపించు భారమును కూడ సంస్థ పైననే మోపెను. ఈ తీర్పు సమాచార భంగమున కలుగు బాధ యొక్క స్వరూపమును యథార్థముగ గ్రహించినదని చెప్పవచ్చును.

అమెరికాలో బాధితు లందరు కలిసి యొక్కటిగ దావా వేయు పద్ధతి ప్రబలముగ నున్నది. 2017లో ఈక్విఫాక్స్ అను ఋణచరిత్ర సంస్థ నుండి సుమారు 14.7 కోట్ల మంది వివరములు పోగా, 2019 జూలైలో కుదిరిన రాజీలో ఆ సంస్థ 70 కోట్ల డాలర్ల వరకు చెల్లించుట కంగీకరించెను. అందు బాధితుల కొరకు కేటాయింపబడినది 42.5 కోట్ల వరకు. తలకు 125 డాలర్లు వచ్చునని ఆశించి దరఖాస్తు చేసినవారు మిక్కుటమగుటచే ఆ మొత్తము మిగుల తగ్గిపోయెను. మరియు ట్రాన్స్‌యూనియన్ అను వేరొక ఋణచరిత్ర సంస్థ కేసులో 2021లో అమెరికా సుప్రీంకోర్టు, నిశ్చితమైన హాని పొందినవారే ఫెడరల్ కోర్టులలో నష్టపరిహారమునకు అర్హులనుటచే, మున్ముందు హాని కలుగునేమో యను భయముతో దావా వేయువారి మార్గము ఇరుకైనది. అచ్చట స్థిరపడిన తెలుగువారు విశేషముగ ఉపయోగించుకొనదగిన హక్కు వేరొకటి కలదు: 2018 సెప్టెంబరు నుండి ఎవ్వరైనను తమ ఋణచరిత్రను రుసుము లేకుండ స్తంభింపజేయవచ్చును, అట్లు చేసినచో వారి పేర నితరులు క్రొత్త అప్పు పుట్టించుట కష్టమగును.

బ్యాంకు ఖాతా నుండి సొమ్ము పోయినప్పుడు

సామాన్యునికి సమాచార భంగము అనుభవమునకు వచ్చునది తరచుగ ఖాతాలోని సొమ్ము మాయమైనప్పుడే. ఈ విషయమున రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తరువు, మన దేశమున వినియోగదారునికి లభించిన రక్షణలలో మిక్కిలి బలమైనది. తప్పు బ్యాంకుదైనచో, ఖాతాదారుడు ఫిర్యాదు చేసినను చేయకున్నను అతనికి బాధ్యత లేదు. తప్పు బ్యాంకుది గాని ఖాతాదారునిది గాని కాక మూడవ చోట భంగము జరిగినచో, బ్యాంకు నుండి సందేశము అందిన నాటి నుండి మూడు పనిదినములలో తెలిపినవానికి కూడ బాధ్యత శూన్యము. నాలుగు మొదలు ఏడు పనిదినముల లోపున తెలిపినచో బాధ్యత ఖాతా తరగతిని బట్టి పరిమితమగును. సామాన్యమైన సేవింగ్సు ఖాతాకు ఆ పరిమితి 10 వేల రూపాయలు, కనీస సదుపాయముల ఖాతాకు 5 వేలు. ఏడు పనిదినములు దాటినచో బ్యాంకు తన విధానము ననుసరించి నిర్ణయించును. ఫిర్యాదు అందిన పది పనిదినములలో బ్యాంకు ఆ మొత్తమును తాత్కాలికముగ ఖాతాలో జమ చేయవలెను. 90 దినములలో వివాదమును తేల్చవలెను. అన్నింటి కంటె ముఖ్యమైనది, ఖాతాదారుడే తప్పు చేసెనని నిరూపించు భారము బ్యాంకు పైననే యుండుట.

ఓటీపీని గాని పిన్‌ను గాని ఖాతాదారుడే స్వయముగ ఇతరులకు చెప్పినచో, బ్యాంకునకు తెలుపు వరకు కలిగిన నష్టము అతనిదే. బ్యాంకులు ప్రతి కేసునందును ఈ వాదమునే ముందుకు తెచ్చును. అస్సామునకు చెందిన యొక ఖాతాదారుని విషయమున ఇట్లే జరిగెను. అతడు ఆన్‌లైనులో వస్త్రమును కొని తిరిగి పంపదలచుకొనగా, ఆ వస్త్ర విక్రయ సంస్థ వెబ్‌సైటు నుండి పోయిన వివరములతో ఒకడు సంస్థ ఉద్యోగి వలె ఫోను చేసి, ఒక యాప్‌ను వేయించి, 94 వేల రూపాయలకు పైగా హరించెను. ఖాతాదారుడు వెంటనే ఫిర్యాదు చేసినను బ్యాంకు బాధ్యతను నిరాకరించెను. గౌహతి ఉన్నత న్యాయస్థానము బ్యాంకుదే బాధ్యత యని తీర్పు చెప్పగా, 2025 జనవరిలో సుప్రీంకోర్టు బ్యాంకు వేసిన పిటిషనును త్రోసిపుచ్చి ఆ తీర్పును స్థిరపరచెను. వివరము లన్నియు తెలిసినవాడు మోసము చేసినప్పుడు మోసపోయినవానిని అజాగ్రత్తపరుడని దూషించుట తగదన్న వివేకము ఈ తీర్పుచే బలపడినది.

సొమ్ము పోయిన వెంటనే సైబర్ నేరముల సహాయ కేంద్రపు 1930 నంబరునకు ఫోను చేసి తెలిపినచో, అది ఖాతా నుండి ఖాతాకు పోవుచుండగనే మధ్యలో నిలుపుదల చేయించు ఏర్పాటు కలదు. ఇందు ప్రతి గడియయు విలువైనది. పోలీసు ఠాణాలో కేసు నమోదు చేయునప్పుడు పరిధి మాది కాదని త్రిప్పి పంపరాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను ఎఫ్ఐఆర్ నమోదు చేయవలెను. బ్యాంకు 30 దినములలో సమాధానము ఈయనిచో, లేక ఇచ్చిన సమాధానము తృప్తికరము కానిచో, రిజర్వు బ్యాంకు 2021లో నెలకొల్పిన సమీకృత అంబుడ్స్‌మన్ పథకము క్రింద రుసుము లేకుండ ఫిర్యాదు చేయవచ్చును.

తన పేర నితరులు అప్పు పుట్టించినట్లు అనుమానము గలవాడు ఋణచరిత్ర సంస్థల నుండి ఏటికొక మారు ఉచితముగ పూర్తి నివేదికను పొందవచ్చును. అందలి తప్పును సవరింపుమని కోరిన 30 దినములలో సవరింపనిచో, ఆలస్యమైన ప్రతి దినమునకును 100 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెనని 2023 అక్టోబరున రిజర్వు బ్యాంకు విధించెను. మొత్తము స్వల్పమైనను, అడుగకయే లెక్క కట్టదగిన పరిహారము ఈ రంగమున ఇదియొక్కటియే కావచ్చును.

వినియోగదారుల కమిషన్లు

2020 జూలై 20 నుండి అమలులోనున్న వినియోగదారుల రక్షణ చట్టము, వినియోగదారుడు నమ్మకముతో నిచ్చిన వ్యక్తిగత సమాచారమును చట్టము అనుమతింపని రీతిని ఇతరులకు వెల్లడించుటను అక్రమ వ్యాపార పద్ధతిగ పేర్కొనినది. సమాచారమును కాపాడజాలకుండుటను సేవాలోపముగ కూడ వాదింపవచ్చును. జిల్లా కమిషనులో, చెల్లించిన ప్రతిఫలము 50 లక్షల వరకు గల ఫిర్యాదులను, సంస్థ ఎచ్చట నున్నను తాను నివసించు జిల్లాలోనే వేయవచ్చును. 5 లక్షల వరకు రుసుము లేదు. హేతువు పుట్టిన రెండేండ్లలో వేయవలెను. ఒకే తీరున నష్టపడినవారు పెక్కురున్నచో కమిషను అనుమతితో అందరి పక్షమున ఒకరే ఫిర్యాదు చేయుటకును వీలు కలదు. 2023 చట్టము తక్కిన చట్టములకు అదనమే గాని వానిని తొలగించునది కాదని 38వ సెక్షను పలుకుచున్నది. కావున 43ఏ పోయిన పిమ్మట పరిహారమును కోరువానికి ఈ కమిషన్లే ప్రధానాశ్రయము కాగలవు. ఐతే ఈ చట్టము ప్రతిఫలము నిచ్చి సేవను పొందినవానినే వినియోగదారుడనుచున్నది. డబ్బు చెల్లింపక ఉపయోగించు సామాజిక మాధ్యమముల నుండి వివరములు పోయినచో తమ సమాచారమే ప్రతిఫలమని వాదింపవలసి యుండును.

ప్రభుత్వ సంస్థల నుండి జరుగు భంగములు

రేషను కార్డు, ఇంటి స్థలము, పింఛను, విద్యార్థి వేతనము మున్నగువాని కొరకు ప్రజలు ప్రభుత్వమునకు ఇచ్చు వివరములు, వర్తకులకు ఇచ్చు వానికంటె తక్కువవి కావు. పైగా వర్తకుని కాదని వేరొకని యొద్దకు పోవచ్చును గాని ప్రభుత్వమును కాదని పోవుటకు చోటు లేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటునందు లక్షకు పైబడిన లబ్ధిదారుల ఆధార్ వివరములు బహిరంగముగ కనబడుచున్నట్లు వెల్లడియైనది. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుండి పౌరులు ఇచ్చిన వివరములు పోగా, రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఆ సంవత్సరము జూన్‌లో నిందితుని పట్టుకొనెను. 43ఏ సెక్షను వ్యాపార సంస్థలకే వర్తించునది గనుక ఇట్టి సందర్భములలో దాని వలన ప్రయోజనము లేకుండెను.

ఆధార్ విషయమున మొదట బాధితునికి ఫిర్యాదు చేయు అధికారమే లేకుండెను. ఆ చట్టపు 47వ సెక్షను క్రింద ఆధార్ ప్రాధికార సంస్థ మాత్రమే న్యాయస్థానమున ఫిర్యాదు చేయవలసి యుండెను. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఈ లోపమును ఎత్తి చూపగా, 2019 సవరణచే నిర్ణీత నేరముల విషయమున వ్యక్తికి కూడ ఆ హక్కు కల్పింపబడెను. 2023 చట్టము ప్రభుత్వ శాఖలను కూడ సమాచార సంరక్షణకు బాధ్యులను చేసినది. తెలియజేయవలసిన విధి వానికిని వర్తించును. అయితే దేశ భద్రత, ప్రజాశాంతి మున్నగు కారణములను పురస్కరించుకొని కేంద్రప్రభుత్వము ఏ ప్రభుత్వ సంస్థను నోటిఫికేషన్‌లో పేర్కొనునో ఆ సంస్థకు 17వ సెక్షను క్రింద చట్టము యావత్తు నుండి మినహాయింపు కలుగును. అట్లు మినహాయింపబడిన సంస్థ నుండి వివరములు పోయినచో బోర్డునకు ఫిర్యాదు చేయుటకు వీలు లేదు. 2017 నాటి తీర్పు గుర్తించిన గోప్యతా హక్కును ఆధారము చేసికొని, రాజ్యాంగము 226వ అధికరణము క్రింద అమరావతిలోనో హైదరాబాదులోనో గల ఉన్నత న్యాయస్థానమున రిట్ పిటిషను వేయుటయే బాధితునికి మిగిలిన మార్గము.